పెద్దమనుషుల మాట మంచిదే... గడువు మాత్రం ఆగదు

షార్జాలో ఒక ఫ్లాట్. శుక్రవారం సాయంత్రం. హాల్లో నలుగురు పెద్దలు, ఒక కంపెనీ సూపర్‌వైజరు, మూలన ప్లాస్టిక్ కుర్చీలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు. అతనికి ఐదు నెలల జీతం రావాలి. సూపర్‌వైజరు కూడా మనవాడే. "తమ్మీ, కంపెనీకి పేమెంట్లు ఆగినయ్. వచ్చే నెల నేనే ఇప్పిస్త. నువ్వు లేబర్ ఆఫీసుకు పోతే కంపెనీ బ్లాకయితది, నలభై మంది కడుపు కొట్టినట్టయితది" అన్నాడు. పెద్దలు తలూపారు. కుర్రాడు కూడా సరేనన్నాడు. టీ తాగి అందరం లేచాం. గొడవ తీర్చామనే అనుకున్నాం. ఆ నలుగురు పెద్దల్లో నేనూ ఒకణ్ణి.

ఇది కొన్నేళ్ళ కిందటి మాట. ఆ "వచ్చే నెల" చాలాసార్లు వచ్చిపోయింది. చివరికి వీసా క్యాన్సిల్ చేసి టికెట్ చేతిలో పెట్టారు. క్యాన్సిలేషన్ కాగితం మీద "నాకు రావాల్సినదంతా ముట్టింది" అన్న వాక్యం కింద అతను సంతకం పెట్టాడు. డబ్బు ఊరికి పంపిస్తామన్నారు, మధ్యలో పెద్దలున్నారన్న ధైర్యం. ఊరు చేరాక ఎదురుచూసి, విసిగి, ఒకరోజు ఫోన్ చేశాడు. "అన్నా, ఇప్పుడేమన్న చెయ్యొస్తదా?" అప్పటికి ఉద్యోగం పోయి పద్నాలుగు నెలలు. అప్పటి కార్మిక చట్టంలో ఫిర్యాదుకు గడువు ఏడాది. నా దగ్గర జవాబు లేదు.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని మన సామెత. అందుకే మనకు కోర్టంటే భయం, రాజీ అంటే ఇష్టం. అందులో తప్పేమీ లేదు. ఇక్కడి చట్టమూ అదే కోరుకుంటోంది. చిక్కల్లా మనం చేసుకునే రాజీకీ, ఇక్కడి చట్టం గుర్తించే రాజీకీ ఉన్న తేడా తెలియకపోవడం. మొదటిది మాట. రెండోది కాగితం, దాని మీద ముద్ర, దాని వెనక అమలు. రాజీ, దావా, వకీలు, ఫైసలా... ఈ మాటలన్నీ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మన ఊళ్ళకు వచ్చినవే. ఆ మాటలు పుట్టిన భాషే కోర్టు భాషగా ఉన్న దేశంలో బతుకుతూ, వాటిని మన ఊరి అర్థంలోనే వాడుకుంటున్నాం.

జీతం గొడవ: మొదటి మెట్టే రాజీ

యూఏఈలో ప్రైవేటు ఉద్యోగి నేరుగా లేబర్ కోర్టుకు వెళ్ళలేడు. ముందు మానవ వనరులు, ఎమిరటైజేషన్ శాఖకు, అంటే మనమంతా మోహ్రే అని పిలిచే శాఖకు ఫిర్యాదు చేయాలి. యాప్‌లో చేయొచ్చు, 80084కు ఫోన్ చేయొచ్చు. శాఖ ఇద్దరినీ పిలిచి మాట్లాడి, 14 రోజుల్లో పరిష్కారానికి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే కేసు కోర్టుకు వెళ్తుంది. అంటే లేబర్ ఆఫీసుకు వెళ్ళడమంటే కంపెనీ మీద యుద్ధం ప్రకటించడం కాదు. అక్కడ మొదట జరిగేది మధ్యవర్తిత్వమే. కాకపోతే ఆ మధ్యవర్తికి అధికారం ఉంది, మన హాల్లో కూర్చున్న నలుగురికి లేదు.

2024 జనవరి 1 నుంచి ఆ అధికారం ఇంకా పెరిగింది. వివాదం 50,000 దిర్హమ్‌లు దాటకపోతే మోహ్రేయే తుది నిర్ణయం ఇవ్వొచ్చు. ఇంతకుముందు కుదిరిన రాజీని ఒక పక్షం పాటించకపోతే, మొత్తం ఎంతైనా సరే, నిర్ణయం ఇవ్వొచ్చు. ఆ నిర్ణయానికి కోర్టు తీర్పులా అమలు బలం ఉంటుంది. నచ్చనివారు 15 పనిదినాల్లో కోర్టుకు వెళ్ళొచ్చు. మొదట ఆ అప్పీలు పైకోర్టుకు వెళ్ళేది. 2024 ఆగస్టు 31 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో మొదటి స్థాయి కోర్టుకే వెళ్తోంది, అక్కడి తీర్పే అంతిమం.

అదే సవరణలో మనకు ఇంకా ముఖ్యమైన మార్పు ఒకటుంది. ఫిర్యాదుకు గడువు ఏడాది నుంచి రెండేళ్ళకు పెరిగింది. లెక్క మొదలయ్యేది ఉద్యోగ సంబంధం ముగిసిన రోజు నుంచి. రెండేళ్ళంటే చాలా ఎక్కువనిపిస్తుంది. కానీ "వచ్చే నెల" అన్న మాట ఇరవై నాలుగుసార్లు చెబితే అదీ అయిపోతుంది.

ఖర్చు భయం కూడా అక్కర్లేదు. కార్మికుడి క్లెయిము లక్ష దిర్హమ్‌ల లోపు ఉంటే కోర్టు ఫీజు లేదు. వివాదం వల్ల జీతం ఆగిపోతే, రెండు నెలల వరకు జీతం ఇమ్మని యజమానిని శాఖ ఆదేశించవచ్చు. ఉద్యోగం ముగిశాక రావాల్సిన బకాయిలన్నీ 14 రోజుల్లో చెల్లించాలన్నది చట్టంలోనే ఉంది. ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళకూ, డ్రైవర్లకూ వేరే చట్టం ఉంది కానీ దారి అదే. గొడవ ముందు మోహ్రే దగ్గరికే వెళ్ళాలి. డీఐఎఫ్‌సీ, అబుదాబి గ్లోబల్ మార్కెట్ కంపెనీల్లో పనిచేసేవారికి మాత్రం సొంత ఉద్యోగ చట్టాలు, సొంత కోర్టులు ఉన్నాయి.

ఇవేవీ తెలియకపోతే ఏమవుతుందో 2020లో చూశాం. కరోనా రోజుల్లో పనులాగి, మే 7న మొదలైన వందే భారత్ విమానాలెక్కి వెళ్ళినవారిలో చాలామంది జీతం బకాయిలు ఇక్కడే వదిలేసి వెళ్ళారు. ఫిర్యాదు చేసే తీరిక లేదు, కాగితాలు తీసుకునే ధ్యాస లేదు. ఇంటికి చేరితే చాలన్న ఆరాటం అది, ఎవర్నీ తప్పు పట్టలేం. కానీ అప్పట్లో గడువు ఏడాదే. కాంట్రాక్టు కాపీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, హాజరు ఫొటోలు ఉన్నవాడు ఏదో ఒకటి అడగగలిగాడు. లేనివాడు అడగలేకపోయాడు.

అద్దె ఇల్లు: వాట్సాప్ మెసేజ్ నోటీసు కాదు

కుటుంబాలతో ఉన్నవారికి జీతం కంటే ఇంటి గొడవలే ఎక్కువ. దుబాయ్‌లో వీటి కోసం 2013లో ప్రత్యేకంగా అద్దె వివాదాల కేంద్రం పెట్టారు. అక్కడా మొదటి మెట్టు రాజీ విభాగమే. ఇద్దరూ హాజరయ్యాక 15 రోజుల్లో తేల్చడానికి చూస్తారు. కుదిరితే ఆ ఒప్పందానికి అమలు బలం వస్తుంది, కుదరకపోతే కేసు విచారణకు వెళ్తుంది. మామూలుగా ఫీజు ఏడాది అద్దెలో 3.5 శాతం.

ఇక్కడ కూడా మనవాళ్ళు ఓనర్‌తోనో ఏజెంట్‌తోనో ఫోన్‌లో మాట్లాడి, "సరేలెండి, మూడు నెలల్లో ఖాళీ చేస్తాం" అనేస్తారు. పిల్లల స్కూలు మధ్యలో ఇల్లు మారతారు. నిజానికి దుబాయ్‌లో అమ్మకానికో, సొంత వాడకానికో ఇల్లు ఖాళీ చేయించాలంటే ఓనర్ 12 నెలల ముందు, అదీ నోటరీ ద్వారానో రిజిస్టర్డ్ పోస్టులోనో నోటీసు ఇవ్వాలి. అద్దె పెంచాలన్నా, షరతులు మార్చాలన్నా కాంట్రాక్టు ముగియడానికి 90 రోజుల ముందు చెప్పాలి. వాట్సాప్‌లో వచ్చిన ఒక్క మెసేజ్‌తో ఇల్లు ఖాళీ చేయనక్కర్లేదు. ఈ సంగతి తెలిసి మాట్లాడితే అది బేరం. తెలియకుండా మాట్లాడితే లొంగిపోవడం. షార్జా, అబుదాబిల్లో నిబంధనలు వేరు కాబట్టి మీరుండే ఎమిరేట్‌లో ఏముందో ముందు చూసుకోండి.

మనలో మనకు: చేబదులు, భాగస్వామ్యం

క్యాటరింగ్, సెలూన్, టైపింగ్ సెంటర్, కార్గో... ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి పెట్టుకున్న చిన్న వ్యాపారాలు మనలో ఎన్నో. లైసెన్సు ఒకరి పేరు మీద, పెట్టుబడి ఇంకొకరిది, నమ్మకం ఇద్దరిదీ. తేడా వచ్చాక అసోసియేషన్ పెద్దల దగ్గరికి వస్తారు. పెద్దలు సగం సగం అంటారు. ఇద్దరూ ఒప్పుకుంటారు, ఒకరు ఇవ్వరు.

ఇలాంటి సివిల్, వాణిజ్య గొడవల కోసమే యూఏఈ 2023లో మధ్యవర్తిత్వం, రాజీల మీద కొత్త ఫెడరల్ చట్టం తెచ్చింది. అది 40వ నంబరు డిక్రీ చట్టం. కోర్టుకు వెళ్ళకముందే మధ్యవర్తి దగ్గరికి వెళ్ళొచ్చు, కేసు నడుస్తుండగానూ వెళ్ళొచ్చు. అక్కడ అన్న మాటలు గోప్యం, రేపు కోర్టులో మన మీద వాడకూడదు. ఒప్పందం కుదిరి, దానికి కోర్టు ఆమోదం పడితే తీర్పులాగే అమలవుతుంది. దుబాయ్‌లోనైతే కోర్టుల కిందే వివాదాల రాజీ కేంద్రం పెట్టడానికి 2009లోనే చట్టం చేశారు.

వ్యాపారం మొదలుపెట్టేటప్పుడే ఇంకో జాగ్రత్త తీసుకోవచ్చు. ఒప్పంద పత్రంలో "వివాదం వస్తే డీఐఎఫ్‌సీ కోర్టుల్లో" అని ఇద్దరూ రాసుకుంటే, ఆ ప్రాంతంతో సంబంధం లేనివారు కూడా అక్కడికి వెళ్ళొచ్చు. 5 లక్షల దిర్హమ్‌ల లోపు వాటికి అక్కడ చిన్న క్లెయిముల ట్రిబ్యునల్ ఉంది. వ్యవహారం ఇంగ్లీషులో నడుస్తుంది, మామూలుగా వకీళ్ళు ఉండరు, ముందు రాజీ కోసం మాట్లాడే మెట్టు ఉంటుంది. అరబ్బీ రానివారికి ఇది పెద్ద ఊరట.

"ఇండియాకు వెళ్ళిపోతే ఏం చేస్తారులే" అనుకునేవారికి కూడా ఒక మాట. 2020 జనవరి 17న భారత ప్రభుత్వం యూఏఈని పరస్పర గుర్తింపు ఉన్న దేశంగా ప్రకటించింది. అంటే ఇక్కడి కోర్టులు డబ్బు చెల్లించమని ఇచ్చిన డిక్రీని మన జిల్లా కోర్టులో నేరుగా అమలుకు పెట్టొచ్చు. ఇక్కడి బ్యాంకు లోను, ఇక్కడి భాగస్వామి బాకీ, ఇక విమానం ఎక్కినంత మాత్రాన తీరవు. అప్పు ఉన్నవాడికి కూడా ముందే కూర్చుని వాయిదాలు రాయించుకోవడమే లాభం.

భార్యాభర్తలు: తొందరపడితే రెండు దేశాల్లో రెండు సంసారాలు

ఇది అన్నిటికంటే సున్నితమైనది. ఇక్కడి కోర్టుల్లో విడాకుల కేసులకు ముందు కుటుంబ సలహా విభాగం ఉంటుందని చాలామందికి తెలుసు. అయితే 2023 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉన్న ముస్లిమేతరుల కుటుంబ చట్టంలో ఆ మెట్టు తప్పనిసరి కాదు. ఒకరు అడిగితే చాలు, కారణం చూపించనక్కర్లేదు, మొదటి వాయిదాలోనే విడాకులు రావచ్చు. తమ దేశపు చట్టమే వర్తింపజేయమని కోరే వీలు కూడా ఉంది.

అంటే హిందూ, క్రైస్తవ జంటలకు ఇక్కడ చట్టం మధ్యవర్తిని కచ్చితంగా కూర్చోబెట్టదు. కావాలంటే మనమే వెతుక్కోవాలి. ఎందుకు వెతుక్కోవాలో తెలియడానికి పాత కేసు ఒకటి చూడాలి. 1975లో తిరుపతిలో పెళ్ళి చేసుకున్న ఒక తెలుగు జంటలో భర్త అమెరికాలో మిస్సోరి కోర్టు నుంచి విడాకులు తెచ్చుకున్నాడు. 1991లో మన సుప్రీంకోర్టు ఆ డిక్రీని గుర్తించలేదు. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, రెండో పక్షం ఆ కోర్టు పరిధికి ఒప్పుకోకుండా వచ్చిన విదేశీ విడాకులు ఇండియాలో నిలబడవని తేల్చింది. ఇక్కడ నెలల్లో వచ్చిన విడాకుల కాగితంతో ఊళ్ళో రెండో పెళ్ళికి సిద్ధమయ్యేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

రెండు దేశాల్లోనూ నిలబడే దారి ఇద్దరి ఒప్పందమే. కలిసుండడమా, విడిపోవడమా, పిల్లలు ఎవరి దగ్గర, ఖర్చులు ఎవరివి, బంగారం ఎవరిది అన్నవి శిక్షణ ఉన్న మధ్యవర్తి దగ్గర మాట్లాడుకుని, విడిపోవాలనే అనుకుంటే పరస్పర అంగీకారంతో ఇండియాలో పిటిషన్ వేయడం. మన దగ్గర కూడా 2013లో ఒక తెలుగు జంట కేసులోనే సుప్రీంకోర్టు దాంపత్య వివాదాలను మధ్యవర్తిత్వానికి పంపాలని కుటుంబ కోర్టులకు గట్టిగా చెప్పింది. కేసుకు ముందే మాట్లాడుకునేలా సహాయ కేంద్రాలు పెట్టమంది.

ఊళ్ళో ఆస్తి: కాగితం అక్కడా కావాలి

సెలవుల్లో పదిహేను రోజులు ఊరెళ్తే అన్నదమ్ముల పంపకాల పంచాయితీలోనే పది రోజులు పోతాయి. తెల్ల కాగితం మీద రాసుకుని, సాక్షులతో సంతకాలు పెట్టించి విమానం ఎక్కేస్తాం. తర్వాత ఒకరు కాదంటే ఆ కాగితం కోర్టు డిక్రీ కాదు.

దీనికి మనవైపు ఉన్న మంచి సాధనం లోక్ అదాలత్. కేసు వేయకముందు కూడా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీకి అవార్డు ఇస్తారు. అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కేసు నడుస్తుండగా రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. పెద్ద వ్యాపార వివాదాలకు హైదరాబాద్‌లో 2021 డిసెంబర్ 18న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ప్రారంభించిన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ఉంది.

2023లో భారత పార్లమెంటు మీడియేషన్ చట్టం కూడా చేసింది. మొదట కొన్ని సెక్షన్లే అమల్లోకి వచ్చాయి. అందులో ఊరి, వాడ గొడవల కోసం సామాజిక మధ్యవర్తిత్వం మీద ఒక అధ్యాయం ఉంది. ముగ్గురు మధ్యవర్తులు కూర్చుని పరిష్కరిస్తారు. కానీ ఆ ఒప్పందం కోర్టు డిక్రీలా అమలు కాదని చట్టమే రాసింది. పెద్దమనుషుల పాత్ర గౌరవనీయమే, దాని హద్దు ఇదీ అని మన చట్టమూ చెప్పినట్టే.

రాజీ కూర్చోకూడని చోట

కొన్నిటిని హాల్లో కూర్చుని మాట్లాడకూడదు. ఇంట్లో కొట్టడం, పిల్లల మీద అఘాయిత్యం, బెదిరింపు వంటివి పోలీసుల పని. "పరువు పోతుంది, సర్దుకో అమ్మా" అని ఆ ఇల్లాలిని వెనక్కి పంపే పెద్దరికం పెద్దరికం కాదు. యజమాని పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం, అందులో బేరానికి తావు లేదు. జీతం రాలేదని చెప్పకుండా పని మానేసి ఖల్లివల్లి అయిపోవడం ఇంకా ప్రమాదం. అప్పటిదాకా బాధితుడిగా ఉన్నవాడు ఆ రోజు నుంచి ముద్దాయి అవుతాడు.

నేరం కేసుల్లో రాజీకి ఎంత బలముందో, ఎంత లేదో సిరిసిల్ల ప్రాంత కుటుంబాలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 2005లో దుబాయ్‌లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో అక్కడి కార్మికులు జైలుకెళ్ళారు. కె.టి.ఆర్. స్వయంగా నేపాల్ వెళ్ళి బాధిత కుటుంబానికి 15 లక్షల రూపాయల పరిహారం ఇచ్చారు. ఆ కుటుంబం క్షమించింది. అయినా కోర్టు వెంటనే వదల్లేదు. దాదాపు 18 ఏళ్ళు గడిచాక గానీ వాళ్ళు ఇల్లు చేరలేదు. బాధితుల క్షమ గొప్పది. కానీ దానితోనే జైలు తలుపు తెరుచుకుంటుందని ఏ తల్లికీ మాట ఇవ్వకూడదు.

అయితే పెద్దలు ఏం చేయాలి?

పెద్దరికం మానేయమని కాదు. అసోసియేషన్లు, రూముల్లో పెద్దన్నలు, గుడి కమిటీలు, చర్చి పెద్దలు, వీళ్ళే మనవాళ్ళు మొదట తట్టే తలుపు. ఆ తలుపు దగ్గర నాలుగు పనులు జరిగితే చాలు.

మొదటిది, మాట మొదలుకాకముందే తేదీలు అడగాలి. ఉద్యోగం ఎప్పుడు ముగిసింది, వీసా ఎప్పటివరకు, కాంట్రాక్టు గడువు ఎప్పుడు. రెండోది, మాటలకు గడువు పెట్టాలి. రెండు వారాలు చాలు. అప్పటికి డబ్బు ముట్టకపోతే మోహ్రేలోనో, అద్దె కేంద్రంలోనో ఫిర్యాదు నమోదు చేయాలి. ఫిర్యాదు పెట్టాక కూడా మాట్లాడుకోవచ్చు, అక్కడ రాజీకి తలుపు మూయరు. మూడోది, డబ్బు చేతికి రాకుండా "ముట్టింది" అన్న కాగితం మీద సంతకం వద్దని గట్టిగా చెప్పాలి. నాలుగోది, అవతలి పక్షం మన బంధువో, మన కాంట్రాక్టరో అయితే ఆ పంచాయితీలో మనం కూర్చోకూడదు. దిక్కు తోచకపోతే దుబాయ్‌లోని భారత కాన్సులేట్ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 800 46342 ఉంది. ఊరి నుంచి కుటుంబసభ్యులు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

ఆ జగిత్యాల కుర్రాడు ఇప్పుడు ఊళ్ళో ఆటో నడుపుకుంటున్నాడు. పండగలకు ఫోన్ చేస్తాడు, ఆ ఐదు నెలల సంగతి ఎత్తడు. ఆ రోజు మేం నలుగురం చెడు చేయాలని కూర్చోలేదు. అతని బకాయి పోయింది మా దురుద్దేశం వల్ల కాదు, మా మాట మీద అతనికున్న గౌరవం వల్ల. ఇప్పుడు మా ఫ్లాట్‌కు ఎవరైనా ఇలాంటి గొడవతో వస్తే టీ పెట్టకముందే అడుగుతున్నాను: "ఫిర్యాదు పెట్టావా? ఏ తేదీ?" పెట్టకపోతే ముందు అతని ఫోన్‌లో యాప్ తెరుస్తాం. టీ తర్వాత తాగుతాం.